రెండు పాత సిస్టమ్‌లను ఒకటి చేసే ముందు: లెక్క ఎందుకు కలవదు, ఎక్కడ వెతకాలి

మిర్యాలగూడ, హుజూర్‌నగర్ వైపు మిల్లుల నుంచి నాకు వచ్చే ఫోన్లలో సగం ఇలాగే మొదలవుతాయి: "అన్నా, కాటా రూములో ఒక సిస్టమ్ ఉంది, ఆఫీసులో ఒకటి ఉంది. రెండింట్లో అవే రైతుల పేర్లు, అవే లెక్కలు. ఒకదాన్ని తీసేద్దాం, డేటా కలిపెయ్." కాటా రూములోది విండోస్ ఎక్స్‌పీ మీద నడిచే ఫాక్స్‌ప్రో (పాతకాలపు డేటాబేస్ సాఫ్ట్‌వేర్) ప్రోగ్రామ్. ఆఫీసులోది తర్వాత ఎవరో మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో రాసిచ్చిన ప్రోగ్రామ్. రాసినవాళ్లిద్దరూ ఇప్పుడు ఫోన్ ఎత్తరు.

వడ్ల మిల్లే కానక్కర్లేదు. మహబూబ్‌నగర్ జిన్నింగ్ మిల్లులో, దేవరకొండ ఎరువుల దుకాణంలో కూడా ఇదే చూశాను. బ్యాకప్ తీయడం, డీబీఎఫ్ ఫైలు (ఫాక్స్‌ప్రో డేటా దాచుకునే ఫైలు) తెరవడం, ఎంట్రీలు ఎక్సెల్‌లోకి తెచ్చుకోవడం మీకు వచ్చనుకునే రాస్తున్నాను. అవి రాకపోతే ముందు అవి నేర్చుకుని రండి.

అన్నింటికంటే ముందు, పది చీటీలు

కంప్యూటర్ ముట్టుకోకముందే గుమస్తాను కాటా చీటీల కట్టలు అడగండి. అందులోంచి పది తీయండి. ఐదు ఈ ఏడాదివి, ఐదు కనీసం ఆరేడేళ్ల కిందటివి. పాతవాటిలో రెండైనా ఇప్పుడు మిల్లుకు రాని రైతులవి ఉండాలి. ఒక్కో చీటీని రెండు సిస్టమ్‌లలోనూ వెతికి పేరు, ఊరు, తూకం, డబ్బు పక్కపక్కన రాసుకోండి.

గంట పని. ఈ గంట పెట్టడానికి ఎవరికీ ఓపిక ఉండదు. ఏ వెర్షన్, ఎన్ని టేబుళ్లు, ఏ సాఫ్ట్‌వేర్‌లోకి మార్చాలి అని మూడు రోజులు మాట్లాడతారు, కట్ట మాత్రం విప్పరు. తర్వాత నెలకు నాకు ఫోన్ చేస్తారు. చీటీలు చూశారా అంటే "రెండూ ఒకటే కదన్నా" అంటారు. పదికి పది రెండుచోట్లా ఒకేలా రావడం నేనింతవరకు చూడలేదు. ఎక్కడ తేడా వచ్చిందో చూస్తే, కింద చెప్పినవాటిలో మీది ఏదో తెలిసిపోతుంది.

సమస్య: "ఈ సిస్టమ్ ఎవరూ వాడట్లేదు" అంటున్నారు, ఫైళ్ల తేదీలూ పాతవే

మీరు వెళ్లింది ఏ నెలలో? యాసంగి వడ్లు ఏప్రిల్, మే నెలల్లో వస్తాయి. వానాకాలం పంట అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తుంది. ఆగస్టులో వెళ్లి చూస్తే ఏ కాటా సిస్టమ్ అయినా చచ్చిపోయినట్టే కనిపిస్తుంది. పైగా మదర్‌బోర్డు మీద ఉండే రూపాయి బిళ్లంత బ్యాటరీ, అదే సీఆర్ 2032, అయిపోయి ఉంటే ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎక్కడికో వెనక్కి పోతుంది. నిన్న ఎక్కించిన చీటీ కూడా ఇరవై ఏళ్ల కిందటి తేదీతో కూర్చుంటుంది. ఫైలు తేదీని నమ్మేముందు గోడ గడియారం, క్యాలెండర్ చూసి సిస్టమ్ గడియారం చూడండి.

ఆపరేటర్‌ను "వాడుతున్నారా?" అని అడగొద్దు. లేదనే చెబుతారు. "దీంట్లోంచి ఏం ప్రింటు తీస్తారు?" అని అడగండి. ఒకచోట అలా అడిగితే, "ఏం లేదన్నా, శనివారం హమాలీల లిస్టు ఒక్కటే" అన్నాడు. ఆ లిస్టు చూసే హమాలీలకు కూలి ఇస్తారు. రెండో సిస్టమ్‌లో ఆ రిపోర్టు లేదు. ఆ రోజే తీసేసి ఉంటే శనివారం సాయంత్రం గేటు దగ్గర ఏం జరిగేదో చెప్పక్కర్లేదు.

సమస్య: రెండింట్లో ఒకే రైతు, వివరాలు వేరు. ఏది కొత్తది?

దీనికి నాకొక లెక్క ఉంది. రైతు వివరాల్లో మన దగ్గర జరిగిన మార్పుల గుర్తులు పొరలు పొరలుగా ఉంటాయి. కోదాడ, హుజూర్‌నగర్ 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లాలోకి వెళ్లాయి. ఇంకా నల్లగొండ జిల్లా అనే ఉంటే ఆ గడి అప్పటినుంచి ఎవరూ ముట్టలేదు. మక్తల్ రైతుకు మహబూబ్‌నగర్ జిల్లా అని ఉంటే 2019 ఫిబ్రవరికి ముందుది, నారాయణపేట జిల్లా అప్పుడే వచ్చింది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది, ఆంధ్రా బ్యాంక్ 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంక్‌లో కలిసింది. ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇంకా పాత బ్యాంకుదే ఉంటే ఆ వివరం ఎప్పటిదో తెలిసిపోతుంది. బిల్లులో జీఎస్టీ గడే లేకపోతే ఆ ఫార్మాట్ 2017 జులైకి ముందుది.

ఒక్కో రైతుకు ఏ సిస్టమ్ కొత్తదో ఇలా చూడాలి, మొత్తం సిస్టమ్‌కు కలిపి తీర్పు చెప్పొద్దు. బ్యాంకు వివరాలు ఆఫీసులో మారుస్తారు, ఫోన్ నంబరు కాటా దగ్గర మారుస్తారు. రెండూ సగం సగం కొత్తవే.

బండి నంబర్ల విషయంలో ఒక మాట. ఏపీ 24 (నల్లగొండ పాత రిజిస్ట్రేషన్ నంబరు) ఉన్నచోటల్లా టీఎస్ 05 అని ఎవరో ఒకేసారి మార్చేసిన ఫైలు నేను చూశాను. పాత ట్రాక్టర్లు పాత నంబరుతోనే తిరుగుతున్నాయి, 2014 నుంచి 2024 మార్చి దాకా కొన్నవాటికే టీఎస్ వచ్చింది, ఆ తర్వాతివాటికి టీజీ. అలా మార్చితే ఊళ్లో లేని ట్రాక్టర్లు మీ సిస్టమ్‌లో పుట్టుకొస్తాయి.

సమస్య: కలిపాక మొత్తం బాకీ పెరిగింది, లేదా ఎవరో "నేను తీసుకోని డబ్బు నా పేరు మీద ఉంది" అంటున్నారు

ఇది నన్ను ముంచింది. అందుకే వివరంగా చెబుతాను.

ఒక మిల్లులో రెండు సిస్టమ్‌లూ కలిపాను. పేర్లు కలిశాయి, తూకాలు కలిశాయి. బాకీల మొత్తంలో కొంత తేడా ఉంటే "పాత ఎంట్రీలు ఏవో మిగిలి ఉంటాయి" అనుకుని వదిలేశాను. యాసంగిలో ఒక కుర్రాడు వడ్లు తెచ్చాడు. పాత అడ్వాన్స్ కింద 42 వేలు పట్టుకుని మిగతాది ఇచ్చారు. అతను తన జన్మలో ఆ మిల్లులో అడ్వాన్స్ తీసుకోలేదు. మర్నాడు వాళ్ల మామను, ఊరి పెద్దను వెంటబెట్టుకుని వచ్చాడు. సేటు నన్ను పిలిపించాడు. కుర్రాడి కోడ్ 318.

318 అంతకుముందు ఇంకొకరిది. ఆ పెద్దాయన చనిపోయాక ఖాతా మూసేశారు, బాకీ వదిలేశారు. కాటా రూము ప్రోగ్రామ్‌లో రైతు కోడ్ గడికి మూడే అంకెలు. 999 దాటాక కొత్త కోడ్ ఇవ్వడానికి చోటు లేదు. గుమస్తా ఏం చేశాడు? రాని రైతులను డిలీట్ చేసి, ఆ నంబర్లను కొత్తవాళ్లకు ఇచ్చాడు. అతని తప్పేం లేదు, వేరే దారి లేదు.

అసలు మెలిక ఫాక్స్‌ప్రోలో ఉంది. డీబీఎఫ్ ఫైలులో డిలీట్ అంటే చెరిపేయడం కాదు. ప్రతి రికార్డు ముందు ఒక్క అక్షరం పట్టేంత చోటు ఉంటుంది. రికార్డు బతికి ఉంటే అక్కడ ఖాళీ ఉంటుంది. డిలీట్ కొడితే అక్కడ ఒక నక్షత్రం గుర్తు పడుతుంది, అంతే. ప్యాక్ కమాండ్ (నక్షత్రం పడ్డవాటిని నిజంగా తీసేసేది) ఇచ్చేదాకా ఆ రికార్డు ఫైలులోనే పడుకుని ఉంటుంది. ప్రోగ్రామ్ మొదట్లోనే సెట్ డిలీటెడ్ ఆన్ అని రాసి ఉంటుంది కాబట్టి ఆపరేటర్‌కు అవి కనిపించవు. మీరు అదే ఫైలును బయటి టూల్‌తో తెరిచారనుకోండి. కొన్ని టూళ్లు ఆ నక్షత్రాన్ని చూసి పక్కన పెడతాయి. కొన్ని పట్టించుకోకుండా అన్నింటినీ తెస్తాయి. నేను వాడింది రెండో రకం. పోయిన పెద్దాయన లేచి కూర్చున్నాడు, కుర్రాడి నంబరుతోనే. కోడ్‌ను బట్టి కలపమన్నాను కాబట్టి ఇద్దరూ ఒకే మనిషి అయ్యారు.

దీన్ని పట్టుకోవడం కష్టమేం కాదు, చూడాలని తెలిస్తే. ఫైలు కాపీ మీద పని చేయండి, అసలు ఫైలు మీద ఎప్పుడూ వద్దు. కాపీ చేసేటప్పుడు పక్కనున్న ఎఫ్‌పీటీ (పొడవాటి రాతలు ఉండేది), సీడీఎక్స్ (ఇండెక్స్) ఫైళ్లు కూడా తెచ్చుకోండి. రెక్‌కౌంట్ (ఫైలులో మొత్తం ఎన్ని రికార్డులో చెప్పేది) చెప్పే సంఖ్యలో డిలీట్ చేసినవి కూడా ఉంటాయి. సెట్ డిలీటెడ్ ఆన్ పెట్టి కౌంట్ కొడితే బతికున్నవే వస్తాయి. ఈ రెండింటి మధ్య తేడానే మీ దెయ్యాల సంఖ్య. ఆ రికార్డులను పారేయకండి, వేరే ఫైలులో పెట్టి వాటి కోడ్‌లలో ఎన్ని బతికున్న రికార్డుల్లో మళ్లీ ఉన్నాయో చూడండి. ఆ మిల్లులో తర్వాత కూర్చుని చూస్తే ఒకటీ రెండూ కాదు, ఒక పేజీ నిండా వచ్చాయి.

తేడా సున్నా వచ్చిందని సంబరపడొద్దు. ఎవరో మధ్యలో ప్యాక్ కొట్టి ఉండొచ్చు. అప్పుడు ఇంకా చిక్కు. రైతుల ఫైలులో పాత పేరు నిజంగానే పోతుంది, కానీ లావాదేవీల ఫైలులో పాత ఎంట్రీలు అదే కోడ్‌తో మిగిలి ఉంటాయి. అవన్నీ ఇప్పుడు కొత్త మనిషివే అనిపిస్తాయి. ఇక్కడ చూడాల్సింది రెండు. ఒకటి, ఖాతా తెరిచిన తేదీకంటే ముందే లావాదేవీ ఉందా? ఉంటే ఆ లావాదేవీ వేరే మనిషిది. ఖాతా తెరిచిన తేదీ గడి లేని ప్రోగ్రాములు చాలా ఉంటాయి, అప్పుడు రెండోది: ఒకే కోడ్‌లో రెండు మూడు సీజన్లు ఏమీ లేకుండా, ఆ తర్వాత మళ్లీ మొదలైందా? అలాంటి కోడ్‌లన్నీ కాగితం మీద రాసుకుని, పాత ఖాతా పుస్తకం, కాటా చీటీలు ముందు పెట్టుకుని గుమస్తాతో కూర్చోండి. ఆయనకు గుర్తుంటుంది. "318 మొదట ఎవరిది?" అని అడిగితే పేరు, ఊరు, కొడుకులెంతమందో కూడా చెబుతాడు.

కలపడానికి ఏం చేయాలి? కోడ్‌ను నమ్మి కలపొద్దు. కోడ్, పేరు, ఊరు మూడూ కలిస్తేనే ఒకే మనిషి అనుకోండి. మూడింట్లో ఒకటి తేడా వచ్చినా దాన్ని మనిషే చూడాలి. అందరికీ కొత్త నంబరు ఇవ్వండి, ఐదారు అంకెలది. పాత కోడ్‌లను పారేయకుండా ఒక పట్టీ తయారు చేయండి: కొత్త నంబరు, కాటా సిస్టమ్‌లో పాత కోడ్, ఆఫీసు సిస్టమ్‌లో పాత కోడ్, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు ఆ కోడ్ ఈ మనిషిది. ఆ చివరి తేదీల గడి లేకపోతే మొత్తం పని వృథా. రైతు పదేళ్ల కిందటి చీటీ పట్టుకుని వస్తాడు, దాని మీద పాత కోడే ఉంటుంది.

ఆ కుర్రాడి 42 వేలు సేటు అదే వారం ఇచ్చేశాడు. నా కూలి మాత్రం సగమే ఇచ్చాడు. అడగలేదు.

సమస్య: పేర్లు కలవట్లేదు, మనిషి ఒకడే అని తెలుస్తూనే ఉంది

ఇంగ్లిష్ స్పెల్లింగు గొడవ. యాదయ్య చివర ఒకచోట ఐ-ఏ-హెచ్, ఇంకోచోట వై-వై-ఏ. నర్సింహను ఒకరు మధ్యలో ఏ పెట్టి రాస్తారు, ఒకరు పెట్టరు. ఒకచోట ఇంటిపేరు ముందు, ఇంకోచోట వెనక. దీనికి పెద్ద మంత్రం ఏం లేదు. ఊరు వారీగా విడగొట్టి, తండ్రి పేరు పక్కన పెట్టుకుని కంటితో చూడటమే. ఒక్క ఊళ్లో ముగ్గురు యాదయ్యలు ఉంటారని మర్చిపోకండి. మూడింటినీ కలిపేసే ప్రోగ్రామ్ కంటే, విడిగా వదిలేసే ప్రోగ్రామ్ మేలు. విడిగా ఉన్నవాటిని తర్వాత కలపొచ్చు, కలిసిపోయినవాటిని విడదీయడం నరకం.

సమస్య: తెలుగులో ఉన్న పేర్లు గీతలు, చుక్కలుగా వస్తున్నాయి

పాత అను ఫాంట్లతో కొట్టినవి. యూనికోడ్ (అన్ని సిస్టమ్‌లలో ఒకేలా కనిపించే అక్షరాలు) కావు కాబట్టి ఫాంట్ లేని సిస్టమ్‌లో అలాగే కనిపిస్తాయి. ఏ ఫాంటో పాత సిస్టమ్‌లోనే చూసి రాసుకుని, ఆ తర్వాతే కన్వర్టర్‌లో వేయండి. ఒత్తులు కొన్ని తప్పుతాయి, ఊర్ల పేర్లు చేత్తో సరిచేసుకోండి.

మిగతావి

పాత ప్రోగ్రామ్ కొత్త సిస్టమ్‌లో తెరుచుకోకపోతే అది డాస్ కాలం నాటి 16 బిట్‌ది అయ్యుంటుంది, 64 బిట్ విండోస్ దాన్ని నడపదు. పాత హార్డ్ డిస్కు మొత్తాన్ని ఇమేజ్ (ఉన్నదున్నట్టు కాపీ) తీసి వర్చువల్ మెషీన్‌లో (కొత్త కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్‌లో) నడపండి. వెనక పోర్టుకు డాంగిల్ (ప్రోగ్రామ్ లైసెన్సు తాళంలా పనిచేసే చిన్న ముక్క) గుచ్చి ఉంటే ముందు దాన్ని జాగ్రత్త చేయండి, అది పోతే ప్రోగ్రామ్ పోయినట్టే. ఇండెక్స్ పాడైందా, వైరస్ ఉందా అని చాలామంది అక్కడే మొదలుపెడతారు. రీఇండెక్స్ ఒకసారి కొట్టి చూడండి, లేదంటే వదిలేయండి. లెక్క కలవకపోవడానికి అవి కారణం కావడం నేను చాలా తక్కువ చూశాను.

అంతా కలిపాక పాత సిస్టమ్‌ను వెంటనే తీసేయొద్దు. నెట్‌వర్క్ వైరు పీకి, "ఎంట్రీ చేయొద్దు, చూడటానికి మాత్రమే" అని మానిటర్ మీద కాగితం అంటించి, ఒక వానాకాలం, ఒక యాసంగి గడిచేదాకా ఆఫీసులోనే ఉంచండి. గోదాములో బస్తాల పక్కన మాత్రం పెట్టించకండి. కిందటేడు ఒకరు పెట్టించారు. వడ్ల కోసం వచ్చిన ఎలుకలు కేబుళ్లు కూడా తిన్నాయి.