దద్దుర్లతో పాటు కీళ్ల నొప్పులుంటే ఏం చేయాలి?

ఒంటిపై దద్దుర్లు లేవగానే నెల్లూరు ఇళ్లలో ముందు నింద పడేది రాత్రి తిన్న రొయ్యల మీదే. చాలాసార్లు అది నిజమే కావచ్చు. అయితే కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బు హెపటైటిస్ బి సోకిన కొందరిలో కళ్లు పచ్చబడటానికి ముందే దద్దుర్లు, జ్వరం, కీళ్ల నొప్పులు కలిసి వస్తాయి. వైరస్ పైపొర ప్రోటీనూ, దాన్ని ఎదుర్కొనేందుకు శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలూ ఒకదానికొకటి అతుక్కుని, సన్నని రక్తనాళాల్లో చేరి వాపు పుట్టించడమే ఇందుకు కారణం.

ముందుగా ఒక దద్దురు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, సమయం రాసుకోండి. మామూలు దద్దురు 24 గంటల్లోపే ఆనవాలు లేకుండా అణిగిపోతుంది. అంతకు మించి గీత లోపలే నిలిచి, దురద కంటే మంట ఎక్కువై, కమిలిన మచ్చ మిగిల్చితే రక్తనాళాల వాపును అనుమానించాలి.

అన్నం సయించకపోవడం, వికారం, మూత్రం టీ డికాక్షన్ రంగుకు మారడం కూడా తోడైతే, కావలిలోనో ఒంగోలులోనో వైద్యునికి చూపించుకుని, కాలేయం స్థితి తెలిపే ఎస్‌జీపీటీ, బిలిరుబిన్, హెపటైటిస్ బి ఉందో లేదో చూసే హెచ్‌బీఎస్‌ఏజీ, హెపటైటిస్ సి యాంటీబాడీ పరీక్షలు అవసరమా అని అడగండి. ఈలోగా పసరు మందు మింగవద్దని బతిమాలి చెబుతున్నాను. కొన్ని పసర్లు అసలే వాచిన కాలేయాన్ని మరింత దెబ్బతీస్తాయి. మద్యం పూర్తిగా మానాలి, నొప్పి మాత్రలు వైద్యుణ్ణి అడగకుండా వేసుకోకూడదు. నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం ఈ పరీక్షల కోసం ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి వెళ్లాలి.

హెపటైటిస్ బి అని తేలితే ఇంట్లోవారికీ పరీక్ష చేయించి, సోకనివారికి టీకా వేయించండి.