దసరాకు బంతి పూయాలంటే ఆషాఢంలోనే విత్తనం పడాలి

మాది ప్రొద్దుటూరు. మా గేటుకూ అరుగుకూ మధ్య ఇరవై అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు జాగా ఉంది. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు గడ్డలు, వాటి సందుల్లో వయ్యారిభామ, తుంగ. మూడేళ్లు అట్లే వదిలేశాం. ఇప్పుడు అదే జాగాలో దసరాకు బంతి, సంక్రాంతికి చామంతి, ఉగాదికి మల్లె పూస్తున్నాయి. మే నెల ఎండలో కూడా గడ్డిగులాబీ వాడదు. ఎవరడిగినా నేను ముందు చెప్పేది ఒకటే: మొక్కలు కొనకముందు క్యాలెండర్ చూడండి. పూలు ఏ రోజుకు కావాలో, అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి.

మొదట కసువు తీయాలి. వయ్యారిభామను పూత రాకముందే వేళ్లతో సహా పీకండి. చేతులకు గ్లౌజులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. దానితో దురదలు, ఆయాసం వస్తాయి. తుంగ ఇంకా మొండిది. పైన కోస్తే వారంలో మళ్లీ లేస్తుంది. ఒక మొక్క చుట్టూ గడ్డపారతో వదులు చేసి మెల్లగా లాగితే, కింద నల్లటి చిన్న గడ్డ కనబడుతుంది. ఆ గడ్డ నుంచి దారంలాంటి వేరు పోతుంది, దాని కొసన ఇంకో గడ్డ, అక్కడి నుంచి మరో దారం. ఆ దారం తెగకుండా చివరిదాకా పోవాలి. నల్లరేగడి ఎండితే రాయి అయిపోతుంది కాబట్టి వాన పడిన మర్నాడు ఈ పనికి కూర్చోండి. నాకు ఆ కాస్త జాగాకే నాలుగు సాయంత్రాలు పట్టింది.

రేగడి నేలలో వానకు నీళ్లు నిలుస్తాయి, ఎండకు బీటలు పడతాయి. అందుకే నేల మీద మడి ఎత్తుగా కట్టుకున్నాం. బండల అంగడిలో పగిలిన కడప బండల ముక్కలు తెచ్చి అంచున నిలబెట్టాం. జానెడు పైకి, నాలుగు వేళ్లు మట్టిలోకి. లోపల రెండు పాళ్లు ఎర్రమన్ను, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, దానిలో కొంచెం వేపపిండి. పచ్చి పేడ మాత్రం వేయకండి, దానివల్ల చెదలు, వేరుపురుగు చేరతాయి. ఒక్కటి గుర్తుంచుకోండి, నల్ల బండ వేసవిలో పెనంలా కాలుతుంది. దాని పక్కన అరడుగు జాగాలో గడ్డిగులాబీ తప్ప వేరేది పెట్టొద్దు. అది ఆ వేడికి ఓర్చుకుంటుంది.

ఇప్పుడు లెక్క. బంతి విత్తనం ఐదు నుంచి ఏడు రోజుల్లో మొలుస్తుంది. ఇరవై ఐదు రోజులకు నాలుగైదు ఆకులు వేసి నాటుకు వస్తుంది. నాటిన రెండు నెలలకు పువ్వు నిండుగా విచ్చుకుంటుంది. అంటే విత్తనం నుంచి పువ్వు దాకా దాదాపు ఎనభై ఐదు రోజులు. 2025లో విజయదశమి అక్టోబర్ 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం అనే అదనపు నెల రావడంతో అది అక్టోబర్ 20కి జరిగింది. నవరాత్రులు మొదలయ్యే నాటికే పూలు కావాలంటే పోయినేడు జూన్ ఆఖరుకే విత్తనం పడాలి, ఈ ఏడు జులై మూడో వారంలో వేసినా సరిపోతుంది. పోయినేడు తేదీకే ఈ ఏడూ వేస్తే పండగకు ముందే తొలి పూలు ముదిరిపోతాయి. మా ఊరి దసరాను రెండో మైసూరు దసరా అంటారు, ఆ పది రోజులు మూర పూల ధర అడగాలంటేనే టెన్షన్. వాకిట్లో నుంచి అత్తమ్మ బుట్టెడు బంతిపూలు కోసుకొచ్చి పూజ గదిలో పోస్తుంటే నాకు కలిగే సంతోషం మాటల్లో చెప్పలేను.

నారు సాయంత్రం పూట నాటండి, మొక్కకూ మొక్కకూ అడుగున్నర దూరం ఉంచండి. జానెడు ఎత్తుకు రాగానే తల తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, పూలు ఎక్కువవుతాయి. కానీ పూత వారం పది రోజులు ఆలస్యమవుతుంది, అది కూడా లెక్కలో కలుపుకోండి.

చామంతి పిలకలు జూన్, జులైలో నాటి, ఆగస్టు ఆఖరు తర్వాత తలలు తుంచడం ఆపేయాలి. రాత్రులు పొడుగైతేనే అది మొగ్గ వేస్తుంది. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. ఒక ఏడు మా గేటు పక్కనే కొత్తగా వీధిలైటు వెలిగింది. లోపలి చామంతులన్నీ నవంబరులో మొగ్గ తొడిగాయి, లైటు కింద ఉన్న రెండు మాత్రం ఆకులు వేస్తూనే ఉన్నాయి. ఎరువు వేశాను, నీళ్లు తగ్గించాను, ఏం లాభం లేదు. "వదినా, నీ మొక్కకు రాత్రే కావడం లేదు" అని పక్కింటామె అన్నప్పుడు గానీ నాకు వెలగలేదు. ఇప్పుడు ఆ మూల బిళ్ళగన్నేరు పెట్టాను, దానికి ఏడాది పొడుగునా పూతే. మీ వాకిట్లో రాత్రి ఎక్కడ వెలుతురు పడుతుందో నాటకముందే చూసుకోండి.

మల్లెకు నవంబరు ఆఖరున నీళ్లు ఆపి, డిసెంబరులో మోకాలి ఎత్తుకు కత్తిరించి, మిగిలిన ఆకులు దూసేయండి. ఆ తర్వాత ఎరువు వేసి నీళ్లు మొదలుపెడితే ఉగాదికి మొగ్గలే మొగ్గలు.

ఎండాకాలం మా కుళాయి రోజు విడిచి రోజు వస్తుంది. పొద్దున ఏడు లోపల నీళ్లు పోసి, మడి మీద రెండంగుళాలు శనక్కాయ పొట్టు పరుస్తాను, కాండానికి మాత్రం తగలనివ్వను. బోరు నీళ్లలో క్షారం ఎక్కువగా ఉండేచోట మందారం, మల్లె ఆకులు పసుపు రంగుకు మారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. అది ఇనుము అందక వచ్చే జబ్బు. లీటరు నీళ్లకు ఐదు గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), అర గ్రాము నిమ్మఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి వారానికోసారి సాయంత్రం పూట ఆకుల మీద చల్లండి. రెండు మూడు వారాల్లో కొత్త చిగురు పచ్చగా వస్తుంది.

నాటు బంతి అయితే విత్తనం మీరే దాచుకోవచ్చు, హైబ్రిడ్‌ది అట్లే రాదు. బాగా పూసిన మొక్క మీద రెండు పూలు కోయకుండా వదలండి. అవి ఎండి గోధుమ రంగుకు వచ్చాక కోసి, నీడలో ఆరబెట్టి, కాగితం పొట్లం కట్టి పైన నెల, ఏడు రాయండి. మా అత్తమ్మ ఆ పొట్లాలను పోపుల పెట్టె పక్కన సీసాలో పెడుతుంది, ఆషాఢం రాగానే తనే తీసి నా చేతికిస్తుంది.