మిద్దె తోటల గ్రూపులో మొక్కల మాటే నడవాలంటే ఏం చేయాలి?

విజయవాడ, గుంటూరుల్లో మిద్దె తోటల వాట్సాప్ గ్రూపులకు కొదవ లేదు. చాలావాటి కథ ఒకటే. మొదట్లో అంతా కుండీలు, వేపపిండి, పిండినల్లి పురుగు. కొన్నాళ్లకి పొద్దున్నే దేవుడి ఫొటోలు, మధ్యాహ్నం అమరావతి ప్లాట్ల ప్రకటనలు, రాత్రికి రాజకీయం. ఈలోగా మొక్కల సంగతి నిజంగా తెలిసిన నలుగురూ గ్రూపుని మ్యూట్‌లో పెట్టేసుకుంటారు. అడిగేవాళ్లు ఎంతమందైనా వస్తారు, ఓపిగ్గా చెప్పేవాళ్లు దొరకడమే కష్టం. అడ్మిన్ ఏం చేసినా ఆ నలుగురూ నిలిచేలా చేయాలి.

ముందు గిరి గీయండి

గ్రూపు దేనికో డిస్క్రిప్షన్‌లో ఒక్క వాక్యం రాయండి. దాని కింద పేచీ వచ్చే విషయాలు తేల్చేయండి. నారు, విత్తనాలు పంచుకోవచ్చా? పంచుకోవచ్చు. అమ్ముకోవచ్చా? ఆదివారం మాత్రమే. పెరట్లో కోసిన గోంగూరతో చేసిన పచ్చడి ఫొటో? నన్నడిగితే ఒక్కటైతే పర్లేదు, వంట విధానం మొదలైతే ఆపాలి. నియమాలన్నీ ఫోన్ తెరమీద ఒక్కసారికే కనబడాలి. అంతకు మించితే ఎవరూ చదవరు.

గుమ్మం దగ్గరే ఒక ప్రశ్న

కొత్తవాళ్లు అడ్మిన్ ఒప్పుకుంటేనే చేరేలా సెట్టింగ్ ఆన్ చేయండి. చేరతామన్నవాళ్లని ఒక్కటే అడగండి: "మీ మిద్దె మీద ఇప్పుడు ఏమేం ఉన్నాయండీ?" రెండు తులసి మొక్కలే ఉన్నా చాలు, రానివ్వండి. ప్లాట్లు అమ్ముకునేవాళ్లు మాత్రం సాధారణంగా ఇక్కడే జారుకుంటారు.

కబుర్లకి వేరే చోటు

పండగ శుభాకాంక్షలు వద్దంటే మనవాళ్లు నొచ్చుకుంటారు, న్యాయమే. అందుకే 'అరుగు' అని ఇంకో గ్రూపు తెరవండి. వాట్సాప్ కమ్యూనిటీలో రెండింటినీ ఒకే గొడుగు కిందకి తేవచ్చు. టెలిగ్రామ్‌లో అయితే ఒకే గ్రూపులో టాపిక్స్‌గా విడదీయవచ్చు. అరుగు మీద ఏం మాట్లాడుకున్నా అడ్మిన్ తల దూర్చకూడదు, బూతులూ తగాదాలూ తప్ప.

తీసేయడం ఎలా?

అసలు పని ఇది. వాట్సాప్‌లో అడ్మిన్ ఎవరి పోస్టునైనా అందరికీ కనబడకుండా తీసేయవచ్చు. కానీ తీసింది అడ్మినేనని అక్కడ కనబడుతుంది. పెట్టిన పెద్దాయనకి అదే సగం అవమానం. మళ్లీ గ్రూపులో నలుగురి ముందూ 'ఇలాంటివి పెట్టొద్దు' అంటే ఇక ఆయన మాట్లాడరు. విడిగా ఆయనకే రాయండి:

"మాస్టారూ, నమస్కారం. పొద్దున మీరు పెట్టిన ఏకాదశి ఫొటో తోట గ్రూపులోంచి తీశానండీ, ఏమనుకోకండి. అరుగులో పెడితే అందరం చూస్తాం. మీ దొండ తీగ కాపుకొచ్చిందా? ఆ ఫొటో మాత్రం ఇక్కడే పెట్టాలి."

చివరి వాక్యం మర్చిపోవద్దు. పొద్దున్నే ఫొటోలు పంపేవాళ్లకి తీరిక ఉంటుంది, గ్రూపు మీద ప్రేమా ఉంటుంది. వారంలో వచ్చిన మంచి జవాబులన్నీ ఒకచోట కూర్చే పని అప్పగించి చూడండి.

రెండు బాణాల గుర్తుతో వచ్చే ఫార్వర్డ్‌లని చదవకుండానే తీసేయవచ్చు. అప్పటికే ఐదు లేదా అంతకంటే ఎక్కువ చేతులు మారి వచ్చినవవి. రాజకీయమైతే మనకి నచ్చిన పార్టీదే ముందు తీయాలి. అది ఉంచి అవతలివాళ్లది తీస్తే ఆ రాత్రికే గ్రూపు రెండు ముక్కలవుతుంది. మాటామాటా పెరిగితే కాసేపు అడ్మిన్లు మాత్రమే రాసేలా మార్చండి. టెలిగ్రామ్‌లో స్లో మోడ్ ఉంది, ఒక్కొక్కరు పోస్టుకీ పోస్టుకీ మధ్య కొన్ని సెకన్ల నుంచి గంట దాకా ఆగేలా పెట్టవచ్చు.

అడగడం నేర్పండి

'మొక్క చచ్చిపోతోంది, ఏం చేయాలి?' అని ఒక మసక ఫొటో వస్తే తెలిసినవాళ్లు కూడా ఊరుకుంటారు. ఆకు పైభాగం, అడుగుభాగం రెండూ కనబడే ఫొటోలు, ఎండ ఎన్ని గంటలు పడుతుంది, నీళ్లు ఎప్పుడు పోస్తున్నారు అన్నవి తప్పనిసరి చేయండి. పురుగులు ఎక్కువగా దాక్కునేది ఆకు అడుగునే కదా. ఏటా ఏప్రిల్‌లో టమాటా పూత రాలుతోందని గోల మొదలవుతుంది. ఎండ 35 డిగ్రీలు దాటితే పూత సరిగా నిలవదు, షేడ్ నెట్ కట్టుకోవాలి. ఈ జవాబుని పిన్ చేయండి. వాట్సాప్‌లో పిన్ 30 రోజుల దాకా ఉంటుంది.

గిరి చెరిపేయాల్సిన రోజు

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ నీట మునిగినప్పుడు, పాల ప్యాకెట్లు ఎక్కడ దొరుకుతాయో, పడవ ఏ వీధి దాకా వస్తుందో అడిగినవాళ్లకి 'ఇది మొక్కల గ్రూపు' అనగలమా? అలాంటప్పుడు నియమాలు పక్కన పెడుతున్నామని అడ్మినే ముందుగా ప్రకటించాలి. నీళ్లు తీశాక మళ్లీ అమల్లోకి వచ్చాయని కూడా చెప్పాలి. ఈ రెండోది మరిచిపోతే పాత అలవాట్లన్నీ ఆ సందులోంచే తిరిగొస్తాయి.

సభ్యులు పెట్టిన ప్రతిదానికీ అడ్మిన్ మీద కేసు పడుతుందన్న భయం కొందరిది. సభ్యుడి పోస్టుకి, కేవలం అడ్మిన్ అయినంత మాత్రాన, అతన్ని బాధ్యుణ్ని చేయలేమని కేరళ హైకోర్టు 2022లో చెప్పింది. అలాగని తప్పుడు పోస్టు కంటబడ్డాక ఉంచుకోవద్దు.

ఒక్కరే అడ్మిన్‌గా ఉండొద్దు. ఇద్దరు ముగ్గురుండాలి, అందరూ ఒకే స్నేహబృందం కాకుండా చూసుకోండి. ఉన్న ఒక్క అడ్మినూ విసిగి బయటికెళ్లిపోతే వాట్సాప్ సభ్యుల్లో ఎవరో ఒకర్ని తనే అడ్మిన్‌ని చేసేస్తుంది, అది ప్లాట్ల ఆసామీ కూడా కావచ్చు. వెళ్లేముందు మంచివాళ్లెవరికైనా బాధ్యత అప్పగించి వెళ్లండి.