కూలర్ ఇంట్లోనే బిగిస్తున్నారా? డూప్లికేట్ సామానుతో జాగ్రత్త

ఎండలు ముదరకముందే రేకు బాడీ చేయించుకుని, ఫ్యాన్ మోటారు, పంపు, వైర్లు విడిగా కొని ఇంట్లోనే కూలర్ బిగించుకునేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు. ఖర్చు తక్కువ, గాలి ఎక్కువ. కానీ అలా బిగించినదాన్ని పరీక్షించేవాళ్లు ఎవరూ ఉండరు. పైగా ఇనుము, నీళ్లు, 230 వోల్టులు ఒకే పెట్టెలో ఉంటాయి. నకిలీ భాగం మిక్సీలో పడితే మామూలుగా మిక్సీ కాలిపోతుంది. కూలర్‌లో పడితే నీళ్లు పోసే చేతికే షాక్ కొడుతుంది. డబ్బు మిగుల్చుకోవాలంటే గడ్డి ప్యాడ్లలో, చక్రాల్లో మిగుల్చుకోండి. వైరు, ప్లగ్గు, పంపు దగ్గర బేరాలు వద్దు.

ఎక్కువ మోసం వైరులోనే. పైన రాగి పూత, లోపల అల్యూమినియం ఉన్న తీగను రాగి పేరుతో అమ్ముతారు. అదే లావుకి అల్యూమినియం రాగి మోసినంత కరెంటు మోయలేదు. స్క్రూ కింద నలిగి, కొన్నాళ్లకు వదులై, అక్కడే వేడెక్కి మాడుతుంది. ఒక పోగును బ్లేడుతో గీకి చూడండి, లోపల తెల్లగా కనిపిస్తే తిరిగి ఇచ్చేయండి. పోగులు కూడా లెక్కపెట్టండి. ఒక చదరపు మిల్లీమీటరు ఫ్లెక్సిబుల్ వైరులో సాధారణంగా 0.2 మిల్లీమీటర్ల పోగులు 32 ఉండాలి, లేదా 0.3 మిల్లీమీటర్లవి 14. కాయిల్ కొంటే తూకం వేయించండి. ఇదే వైరు 90 మీటర్ల కాయిల్‌లో రాగి బరువే 800 గ్రాముల దాకా ఉంటుంది, పైతొడుగు బరువు అదనం. మొత్తం కలిపినా అంత తూగకపోతే ఇక వేరే పరీక్ష అక్కర్లేదు.

ఐఎస్ఐ గుర్తు చూసి ఊరుకోవద్దు, దాన్ని ఎవరైనా అచ్చు వేయగలరు. గుర్తు కింద సీఎం/ఎల్ అనే లైసెన్స్ నంబరు ఉంటుంది. ఐఎస్ఐ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్‌ది కేర్ అనే యాప్ ఉంది, అందులో ఆ నంబరు కొడితే ఏ కంపెనీది, ఏ వస్తువుకి ఇచ్చారు అన్నది తెలుస్తుంది. కౌంటర్ దగ్గరే చూసుకోండి. బిల్లు ఇవ్వనంటే ఆ షాపు వదిలేయండి.

ప్లగ్గు పిన్నులకు అయస్కాంతం ఆనించండి. ఇత్తడికి అంటుకోదు, పూత పూసిన ఇనుముకి అంటుకుంటుంది. పంపుకి వచ్చే వైరు నీళ్ల మట్టం పైదాకా జాయింట్ లేకుండా ఉండాలి. తొట్టిలో టేపు చుట్టిన జాయింట్ ఎంత గట్టిగా కనిపించినా నమ్మకండి.

ఎర్త్ సంగతి మన ఇళ్లలో మరీ అన్యాయం. మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది, పైన పెద్ద రంధ్రానికి వెనక వైరే ఉండదు. కొందరు ఎర్త్ లేదని సాకెట్‌లోనే న్యూట్రల్‌ను ఎర్త్‌కు కలిపేస్తారు. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే కూలర్ బాడీ మొత్తానికి కరెంటు వస్తుంది. అసలైన ఎర్త్ వేయించాకే కూలర్ పెట్టండి. ఆకుపచ్చ వైరును రంగు గీకిన రేకుకి బోల్టుతో బిగించండి, రంగు మీద బిగిస్తే అది తగిలినట్టు కాదు.

దానితోపాటు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లైని తనంతట తానే ఆపేసే స్విచ్, పెట్టించండి. ఎంసీబీ ఉందిగా అనుకోకండి. అది ఓవర్‌లోడ్‌కి, షార్ట్ సర్క్యూట్‌కి పడిపోతుంది, మనిషి ఒంట్లోంచి పోయే కొద్దిపాటి కరెంటును పట్టించుకోదు. ఆర్‌సీసీబీలోనూ నకిలీలు వస్తున్నాయి. కరెంటు ఉన్నప్పుడు టెస్ట్ బటన్ నొక్కితే పడిపోవాలి. మెయిన్ ఆఫ్ చేసి నొక్కితే పడిపోకూడదు. కరెంటు లేకుండానే పడిందంటే లోపల స్ప్రింగ్ మాత్రమే పనిచేస్తోందని అర్థం. ఎంసీబీని పరీక్షించాలని ఫేజ్, న్యూట్రల్ కలిపి చూసే వీరులున్నారు, అది మాత్రం వద్దు.

బిగించడం అయ్యాక నీళ్లు పోసి, పంపు మునిగేలా ఉంచి, ప్లగ్గు పెట్టకముందే ఎలక్ట్రీషియన్ చేత 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో కొలిచే మీటరు) చూపించండి. ప్లగ్గు ఫేజ్, న్యూట్రల్ పిన్నులకూ బాడీకీ మధ్య నిరోధం కనీసం ఒక మెగోమ్ (పది లక్షల ఓంలు) ఉండాలి. టెస్టర్ వెలగలేదు కాబట్టి బాగుంది అనుకోకండి. పొడి చెప్పులు వేసుకుని నిలబడితే లీకేజీ ఉన్నా అది సరిగా వెలగకపోవచ్చు.

వాడేటప్పుడు నీళ్లు పోయాలన్నా, ప్యాడ్లు తడమాలన్నా స్విచ్ ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. వైరింగ్‌లో ఫేజ్, న్యూట్రల్ తారుమారైతే స్విచ్ ఆపినా ఫేజ్ లోపల ఉండనే ఉంటుంది. పిల్లలకు ఈ పని చెప్పొద్దు.

ఎవరైనా కూలర్‌కి అంటుకుపోతే చేత్తో లాగకండి. ముందు మెయిన్ ఆపండి. మెయిన్ అందకపోతే పొడి చెక్క మీద నిలబడి, పొడి కర్రతో ఆ మనిషిని పక్కకి తోయండి. ఊపిరి ఆడకపోతే 108కి ఫోన్ చేసి, సీపీఆర్ (ఛాతీ నొక్కి గుండెను నడిపించే ప్రథమ చికిత్స) తెలిసినవాళ్లు వెంటనే మొదలుపెట్టాలి. బాగానే లేచి కూర్చున్నా ఆస్పత్రికి తీసుకెళ్లి ఈసీజీ తీయించండి, గుండె లయ తర్వాత తప్పే అవకాశం ఉంది.