వైట్ లేబుల్ క్యాసినోనా, అఫిలియేటా? డబ్బు కట్టే ముందు ఈ లెక్క వేసుకోండి

కావలిలో ఉండే మా మేనల్లుడు మొన్న నెల్లూరు వచ్చి, ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ తాగుతూ ఫోన్లో ఒక పీడీఎఫ్ చూపించాడు. "మామా, రెండున్నర లక్షలు కడితే మన పేరుతోనే ఆన్‌లైన్ క్యాసినో పెట్టిస్తారంట, దాన్ని వైట్ లేబుల్ అంటారంట. అంత లేకపోతే అఫిలియేట్‌గా చేరి లింకులు పంపితే కమిషన్ ఇస్తారంట. రెండిట్లో ఏది మేలు?" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా, ఎందుకంటే ఇలాంటివి ఒంగోలు, నెల్లూరు పిల్లల ఫోన్లకి రోజూ వస్తున్నాయి.

లాభం సంగతి తర్వాత, ముందు చట్టం చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు, రమ్మీతో సహా, నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికీ చట్టం చేసింది. దాని ప్రకారం అలాంటి ఆట నడిపితే 3 ఏళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రచారం చేస్తే 2 ఏళ్లు, 50 లక్షల దాకా. అంటే వైట్ లేబుల్ ఓనర్ మొదటి దాంట్లోకి వస్తాడు, లింకులు పంచే అఫిలియేట్ రెండో దాంట్లోకి వస్తాడు. సర్వర్ బయటి దేశంలో ఉంది, మనకేం కాదు అని అమ్మేవాళ్లు చెప్తారు. బయటి నుంచి నడిపినా మన దేశంలో ఆడిస్తే ఆ చట్టం వర్తిస్తుంది.

ఇక వ్యాపారంగా చూద్దాం. వైట్ లేబుల్ అంటే లైసెన్సు, సాఫ్ట్‌వేర్, ఆటలు, పేమెంట్ ఏర్పాటు అన్నీ కంపెనీవి, బోర్డు మీద పేరు మాత్రం మీది. ఆడేవాళ్లని తెచ్చే ఖర్చు మీదే, ఆ ఖర్చు ఎక్కువగా మళ్లీ అఫిలియేట్లకే పోతుంది. ఒప్పందం ముగిశాక కస్టమర్ల డేటా ఎవరిదో కాగితంలో వెతకండి. మా వాడి పీడీఎఫ్‌లో అది కంపెనీదే అని చిన్న అక్షరాల్లో ఉంది. అంటే రెండేళ్లు కష్టపడి జనాన్ని పోగేసి, చివరికి ఖాళీ చేతులతో బయటికి రావడమే.

అఫిలియేట్‌కి ఒక్కో కస్టమర్‌కి ఇంత అని ఇస్తారు, లేదా వాళ్లు పోగొట్టుకున్న దాంట్లో వాటా ఇస్తారు. ఆ వాటా లెక్క మా వాడికి టీ కొట్టు బల్ల మీదే బిల్లు వెనక వేసి చూపించాను. మీరు పంపినవాళ్లు నెలకి లక్ష పోగొట్టుకున్నారు అనుకోండి. బోనస్‌లకి 25 వేలు, చార్జీలకి 15 వేలు తీసేస్తే మిగిలేది 60 వేలు, 30 శాతం వాటా అంటే మీకు 18 వేలు. పై నెల వాళ్లలో ఒకడు 2 లక్షలు గెలిస్తే మీ ఖాతా మైనస్‌లోకి పోతుంది. నెగటివ్ క్యారీఓవర్ అనే షరతు ఉంటే ఆ మైనస్ పూడేదాకా మీకు పైసా రాదు. అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇంకోటి: మీకు 18 వేలు రావాలంటే మీకు తెలిసినవాళ్లో, మీ గ్రూపులో వాళ్లో లక్ష పోగొట్టుకోవాలి.

పీడీఎఫ్ చివరి పేజీలో ఇంకో షరతు ఉంది, "మీ పేరు మీద కరెంట్ అకౌంట్ ఇవ్వాలి, వసూళ్లు అందులోకి వస్తాయి" అని. దీన్ని అసలు తేలిగ్గా తీసుకోకండి. ఎవరెవరి డబ్బో మీ అకౌంట్‌లోంచి తిరుగుతుంది, ఎక్కడో ఎవరో ఫిర్యాదు చేస్తే ఫ్రీజ్ అయ్యేది మీ అకౌంటే, నోటీసు వచ్చేది మీ ఇంటి అడ్రసుకే. డబ్బు బదిలీకి సాయపడినా ఆ 2025 చట్టంలో 3 ఏళ్ల దాకా శిక్ష ఉంది.

కాబట్టి క్యాసినో విషయంలో నా జవాబు రెండూ వద్దనే. కానీ ఈ రెండు పద్ధతులూ మంచి సరుకుకి పనికొస్తాయి. మిల్లు దగ్గర మొలగొలుకులు బియ్యం తీసుకుని మీ పేరుతో సంచి వేసి అమ్మితే అదీ వైట్ లేబులే. ఆహార భద్రత చూసే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర రిజిస్ట్రేషన్ గానీ లైసెన్సు గానీ తీసుకోవాలి, సరుకు కొనడానికి పెట్టుబడి కావాలి, అమ్ముడుపోకపోతే నష్టం మీదే, కానీ కస్టమర్ మీవాడు, పేరు మీది. చేతిలో డబ్బు లేకపోతే వస్తువుల లింకులు పెట్టే అఫిలియేట్ పని చూడండి. కమిషన్ చిన్నదే, కానీ వస్తువు వెనక్కి వస్తే ఆ కమిషన్ పోతుందే తప్ప, ఎవరో గెలిచారని మీ ఖాతా మైనస్‌లోకి పోదు. ఆ లింకుతో కొంటే మీకు కమిషన్ వస్తుందనే సంగతి చూసేవాళ్లకి ముందే చెప్పండి.

మా వాడు ఆ రాత్రే అమ్మేవాడికి మెసేజ్ పెట్టాడు: లైసెన్సు ఎవరి పేరు మీద ఉంది, డేటా ఎవరిది, అకౌంట్ నాదే ఎందుకు? జవాబుగా డబ్బు కట్టమని క్యూఆర్ కోడ్ ఒకటి వచ్చింది. మీరు ఇప్పటికే అలా డబ్బు పంపి ఉంటే చాట్ చెరపకండి, స్క్రీన్‌షాట్లు తీసుకుని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకీ అదే రోజు రాతపూర్వకంగా చెప్పండి.