మైదా మానేశాక కేక్ ఎందుకు మొండికేస్తోంది? ఆరోగ్యకరమైన వంటలో సమస్యలు - పరిష్కారాలు

ఆరోగ్యంగా తిందామని అనుకోగానే చాలామంది పాత రెసిపీ మీద పడి మైదా తీసేసి గోధుమపిండి వేస్తారు, చక్కెర సగానికి కోస్తారు, నూనె బదులు ఆపిల్ గుజ్జు కలుపుతారు, అదీ అన్నీ ఒకేసారి. కేక్ పాడవుతుంది, దేనివల్ల పాడైందో మాత్రం అంతుపట్టదు. చక్కెర ఉన్నది తీపికే, నూనె ఉన్నది రుచికే అనుకోవడం దగ్గరే తిప్పలు మొదలవుతాయి. నిజానికి ఒక్కోటీ రెండు మూడు పనులు చేస్తుంటుంది, దాన్ని తీసేస్తే ఆ పనులు ఇంకెవరికో అప్పగించాలి. కింద మీ సమస్య వెతుక్కోండి, ఒకసారికి ఒక్క మార్పే చేయండి.

కేక్ ఇటుకలా వచ్చింది, పొంగలేదు

గోధుమపిండిలో పొట్టు ఉంటుంది. అది నీళ్లు ఎక్కువ పీలుస్తుంది, అదీ నెమ్మదిగా పీలుస్తుంది, పైగా పిండిలో గాలిని పట్టి ఉంచే గ్లూటెన్ పోగుల్ని అక్కడక్కడా తెంపేస్తుంది. మొదటిసారే మైదా మొత్తం మార్చకండి, సగం సగం వేయండి. కప్పు గోధుమపిండికి ఒకటి రెండు చెంచాల పాలు అదనంగా పోయండి. ఇంకా మంచి పద్ధతి, రెసిపీలోని పాలలోనో పెరుగులోనో ముందే పిండి కలిపి అరగంట నాననివ్వడం. బేకింగ్ పౌడర్ మాత్రం అప్పుడు కలపకండి, ఓవెన్ వేడెక్కాక చివర్లో కలపాలి, లేకపోతే గ్యాస్ కాస్తా గిన్నెలోనే పోతుంది. కలిపేటప్పుడు పొడిపిండి కనిపించకుండా పోగానే గరిటె ఆపేయండి.

ఇంత చేసినా పొంగకపోతే బేకింగ్ పౌడర్‌నే అనుమానించాలి. అర చెంచా పొడి మీద వేడినీళ్లు పోస్తే బుసబుసమని పొంగాలి. ఏదో నాలుగు బుడగలు వచ్చి ఊరుకుంటే ఆ డబ్బా పారేయండి.

చక్కెర తగ్గించా, కేక్ పాలిపోయి పొడిపొడిగా ఉంది

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. చక్కెర తేమను పట్టి ఉంచుతుంది, గ్లూటెన్ బిగుసుకోకుండా చూస్తుంది, వెన్నతో గిలక్కొట్టినప్పుడు గాలిని లోపల బంధిస్తుంది, పైన రంగు తెప్పిస్తుంది. పావు వంతు తగ్గిస్తే, అంటే 200 గ్రాములకి 150 వేస్తే, చాలా కేకులకి తేడా పెద్దగా తెలీదు. సగానికి దిగితే మాత్రం పెరుగో బాగా మగ్గిన అరటిపండో వేసి తేమ తిరిగివ్వాల్సిందే.

ఇక్కడ ఇంకో చిక్కుంది. చక్కెర తక్కువైన కేక్‌కి రంగు సరిగా రాదు, మనమేమో రంగు రాలేదు కదా అని ఇంకో పది నిమిషాలు ఓవెన్లో ఉంచుతాం, దాంతో మిగిలిన ఆ కాస్త తేమా ఎగిరిపోతుంది. రంగు చూడకండి. రెసిపీ చెప్పిన టైమ్‌కి ఐదు నిమిషాల ముందే మధ్యలో టూత్‌పిక్ గుచ్చండి, తడిపిండి కాకుండా ఒకటి రెండు కేక్ తునకలు అంటుకుని వస్తే తీసేయొచ్చు. తీపి చాల్లేదనిపిస్తే వెనీలా, దాల్చినచెక్క, చిటికెడు ఉప్పు బాగానే ఆదుకుంటాయి.

చక్కెర బదులు తేనె వేసేవాళ్లకి ఒక మాట. తేనె తొందరగా మాడుతుంది, అందుకే పైన నల్లగా, లోపల పచ్చిగా వస్తుంది. కప్పు చక్కెరకి ముప్పావు కప్పు తేనె చాలు, రెసిపీలో పాలో నీళ్లో మూడు నాలుగు చెంచాలు తగ్గించి, ఓవెన్ వేడి కూడా ఓ 15 డిగ్రీల సెల్సియస్ తగ్గించండి. కాకపోతే తేనె వేశాం కాబట్టి చక్కెర మానేసినట్టే అని సంబరపడకండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో తేనె కూడా తగ్గించాల్సిన చక్కెరల్లోకే వస్తుంది.

లోపల జిగటగా, ఉడకనట్టు ఉంది

నూనె మొత్తానికి బదులు పండు గుజ్జు వేసుంటారు. నూనె పిండి రేణువులకి పూతలా పట్టి కేక్‌ని మెత్తగా ఉంచుతుంది, గుజ్జులో ఉండేదేమో ఎక్కువగా నీళ్లు. నూనెలో సగమే మార్చండి, తేడా మీకే తెలుస్తుంది. బ్రెడ్ విషయంలో అయితే వేడిమీదే కోసినా లోపల ఇలాగే జిగటగా కనిపిస్తుంది, పూర్తిగా చల్లారాక కోయండి.

చేదుగా, సబ్బు రుచి వస్తోంది

వంట సోడా ఎక్కువైంది, లేదా దానికి జోడీగా పులుపు లేదు. కప్పు పిండికి పావు టీస్పూన్ చాలు, పెరుగో నిమ్మరసమో ఉండాలి. సోడా తగ్గించినా చేదు పోకపోతే పిండి వాసన చూడండి. గోధుమపిండిలో మొలక భాగపు నూనె ఉంటుంది కాబట్టి మైదాకంటే తొందరగా ముక్కిపోతుంది, ఫ్రిజ్‌లో పెట్టుకుంటే ఎక్కువ రోజులు ఆగుతుంది.

కేక్ మర్నాటికి ఆకుపచ్చగా మారింది!

టెన్షన్ పడకండి, ప్రతిసారీ అది బూజే కానక్కర్లేదు. పొద్దుతిరుగుడు గింజలు వేశారా? వాటిలోని క్లోరోజెనిక్ ఆమ్లం సోడాతో కలిసి పచ్చరంగు తెస్తుంది, తింటే ఏమీ కాదు. రంగు నచ్చకపోతే సోడా తగ్గించి ఓ చెంచా నిమ్మరసం కలపండి. గింజలు వేసినా వేయకపోయినా, పైన నూగులా పచ్చమచ్చలు కనిపిస్తే మాత్రం అది బూజే, పారేయాల్సిందే.

వేయిద్దామని ఓవెన్లో పెట్టిన కూరగాయలు ఉడికిపోయాయి

ట్రేలో కిక్కిరిసిపోయుంటాయి. ముక్కల మధ్య సందు లేకపోతే వాటి ఆవిరిలో అవే ఉడుకుతాయి. కడిగాక గుడ్డతో తడి అద్దేసి, గిన్నెలో ఒక చెంచా నూనె వేసి చేత్తో కలిపి, ఎడంగా పరిచి 220 డిగ్రీల దగ్గర పెట్టండి. నూనె సీసాతో వంపేయకుండా చెంచాతో కొలవండి, ఒక టేబుల్ స్పూన్ అంటేనే దాదాపు 120 కేలరీలు.

ఉప్పు తగ్గిస్తే చప్పగా ఉంది

వంట మొదట్లో వేసే ఉప్పు తగ్గించి, చివర్లో పైన కొంచెం చల్లండి, నాలుకకి నేరుగా తగులుతుంది. దించాక నిమ్మరసం పిండండి. ఉల్లిపాయ బాగా ఎర్రగా వేగితే సగం లోటు అదే తీరుస్తుంది. నెమ్మదిగా తగ్గించండి, కొన్ని వారాల్లో నాలుక అలవాటు పడుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి రోజుకి 5 గ్రాముల లోపే ఉప్పు తినమంటుంది, అంటే ఒక టీస్పూన్ కూడా నిండదు.

అన్నీ బాగానే కుదిరాయి, కానీ బరువు తగ్గట్లేదు

బాదం పిండి, ఖర్జూరాలు, గింజలు వేసి హెల్దీ కేక్ కదా అని రెండు ముక్కలు ఎక్కువ లాగించేస్తుంటారు. బాదం పిండిలో గోధుమపిండికంటే కేలరీలు చాలా ఎక్కువ. దీనికి రెసిపీ మార్చాల్సిన పనిలేదు. చల్లారగానే ముక్కలు కోసి, ఒక్కోదాన్నీ విడిగా చుట్టి ఫ్రీజర్లో పెట్టేయండి, రెండు నెలలు నిక్షేపంగా ఉంటాయి. తినాలనిపించినప్పుడు ఒకటి బయటపెడితే కాసేపట్లో మెత్తబడుతుంది, రెండోది కావాలంటే మళ్లీ అంతసేపు ఆగాలి.