రాక్ వినడం నేర్చుకుందాం – 6: కొత్త సింగిల్‌కి అప్పజెప్పిన పని

పోయిన పాఠంలో రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న వాద్య పలుకు), వర్స్ (చరణం), కోరస్ (పల్లవిలా తిరిగొచ్చే భాగం), సోలో (ఒక్క వాద్యమే ముందుకొచ్చి వాయించే భాగం) ఎన్నో సెకనులో మొదలవుతాయో రాసుకోవడం అలవాటు చేసుకున్నాం. ఈసారి అదే అక్కరకొస్తుంది. మీకు ఇష్టమైన రాక్ గాయకుడి కొత్త సింగిల్, అంటే ఆల్బమ్‌తో కాకుండా విడిగా వదిలే పాట, ఈ శుక్రవారం వచ్చిందనుకోండి. ఒకసారి వింటాం, "ఫర్వాలేదు, పాత పాటంత లేదు" అనేసి పక్కన పెడతాం. అలా తేల్చెయ్యకుండా, ఈ పాటకి ఏ పని అప్పజెప్పి బయటికి పంపారో పట్టుకోవడం ఇవాళ నేర్చుకుందాం. కాగితం, పెన్ను, ఇయర్‌ఫోన్స్ దగ్గర పెట్టుకోండి.

కొత్త పాటకంటే ముందు ఒక పాత పాట. 1949లో అమెరికా రికార్డు కంపెనీ ఆర్‌సీఏ విక్టర్ 7 అంగుళాల 45 ఆర్‌పీఎం (నిమిషానికి 45 చుట్లు తిరిగే) రికార్డు తెచ్చింది. ఒక్కో వైపు ఒక్కో పాట. రేడియోలకి కూడా మూడు నిమిషాల్లో అయిపోయే పాటే కావాలి. కుర్రకారు జేబులో డబ్బు తీసి కొన్నది ఆ ఒక్క పాటనే. అంటే అప్పట్లో అమ్మే సరుకు సింగిలే. ఆ ఒత్తిడి పాటని ఏం చేసిందో చెవితోనే తెలుసుకోవచ్చు.

మొదటి అభ్యాసం: ద డోర్స్ బృందం పాడిన 'లైట్ మై ఫైర్' (1967) రెండు రూపాల్లో దొరుకుతుంది. ఆల్బమ్‌లో దాదాపు ఏడు నిమిషాలు, సింగిల్‌గా మూడు నిమిషాల లోపు. ముందు చిన్నది వినండి. పాట ఎక్కడా తెగినట్టు అనిపించకపోవచ్చు. తర్వాత పెద్దది పెట్టి, చిన్నదానిలో లేని భాగం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో రాయండి. పోయినదంతా నడుమనున్న కీబోర్డు, గిటారు సోలోలే. గొంతు పాడిన భాగం మాత్రం అలాగే ఉంది. ఆ కత్తిరించిన సింగిలే అమెరికాలో నంబర్ వన్ అయింది. ఇప్పుడు రెండూ మళ్లీ వినండి: సోలోలు లేకపోతే ఆఖరి కోరస్‌లో ఏ బలం తగ్గింది? నాకైతే చాలానే తగ్గింది. ఏడు నిమిషాల పాటలో ఆ కోరస్ దూరం నడిచొచ్చి చేరిన చోటు, చిన్నదానిలో అదొక పునరుక్తి. మీకు వేరేలా అనిపిస్తే అదే రాసుకోండి, కాకపోతే ఎన్నో సెకను దగ్గర అనిపించిందో కూడా రాయాలి.

ఈ కత్తెర నచ్చనివాళ్లు అప్పుడే ఉన్నారు. లెడ్ జెప్పెలిన్ బృందం తాము కలిసి ఉన్న కాలంలో బ్రిటన్‌లో సింగిల్సే విడుదల చెయ్యనివ్వలేదు. పింక్ ఫ్లాయిడ్ బృందం కూడా 1968 తర్వాత 1979 దాకా అక్కడ సింగిల్ తేలేదు. 90ల్లో అమెరికా కంపెనీలు మరో కారణంతో అదే పని చేశాయి. పాట విడిగా దొరక్కపోతే జనం మొత్తం సీడీ కొంటారు కదా! నో డౌట్ బృందం పాడిన 'డోంట్ స్పీక్' రేడియో చార్టులో 16 వారాలు మొదటి స్థానంలో ఉండి కూడా బిల్‌బోర్డ్ హాట్ 100 (అమెరికాలో పాటల ప్రధాన ర్యాంకుల పట్టిక) లోకి రాలేదు, ఎందుకంటే అది అక్కడ సింగిల్‌గా అమ్మకానికి రాలేదు. అమ్మకానికి వచ్చిన సింగిల్‌కే ఆ పట్టికలో చోటు అన్న నియమం మారింది 1998 డిసెంబరులో. కాబట్టి సింగిల్ ప్రాధాన్యం తగ్గిన పాపాన్నంతా స్ట్రీమింగ్ మీద వేసేవాళ్ల మాట నేను పూర్తిగా ఒప్పుకోను.

అయితే స్ట్రీమింగ్ ఒక పని చేసింది. దానికి ముందు, 2003లో, ఆపిల్ ఆన్‌లైన్ పాటల దుకాణం ఐట్యూన్స్ ఏ పాటనైనా 99 సెంట్లకి విడిగా అమ్మింది. ఆ తర్వాత స్ట్రీమింగ్ వచ్చి కొనే అవసరమే లేకుండా చేసింది. ఆల్బమ్‌లోని ప్రతి పాటా విడిగా దొరుకుతున్నప్పుడు "ఇది సింగిల్" అని చీటీ అంటించడంలో ప్రత్యేకత ఏముంది? మిగిలిన పని చాటింపు. ఆల్బమ్ వస్తోందని, మేమింకా ఉన్నామని చెప్పడం.

ఆ చాటింపు రకరకాలుగా ఉంటుంది. మెటాలికా బృందం 2022 నవంబరులో 'లక్స్ ఎటెర్నా'ని ముందు చెప్పకుండా వదిలి, అదే రోజు '72 సీజన్స్' ఆల్బమ్‌ని ప్రకటించింది. పాట మూడున్నర నిమిషాల లోపే, పరుగే పరుగు. 2023 ఏప్రిల్‌లో వచ్చిన ఆల్బమ్ చివరి పాట మాత్రం 11 నిమిషాలు దాటుతుంది. సింగిల్ విని ఆల్బమ్ అంతా ఇంతే అనుకున్నవాళ్లు తప్పులో కాలేసినట్టే. టూల్ బృందం పూర్తిగా ఎదురు దారి పట్టింది. 13 ఏళ్ల విరామం తర్వాత, 2019లో, పది నిమిషాలు దాటిన 'ఫియర్ ఇనాక్యులమ్'ని మొదటి సింగిల్‌గా ఇచ్చింది. మేం మారలేదు, ఓపికుంటేనే రండి అన్నట్టు. అయినా అది హాట్ 100లో చేరింది. బాబ్ డిలన్ 2020లో దాదాపు 17 నిమిషాల పాట వదిలితే, ఆయన సొంత గొంతుతో బిల్‌బోర్డ్ చార్టుల్లో ఒకదానిలో మొదటి స్థానం దక్కించుకున్న తొలి పాట అదే అయింది.

రెండో అభ్యాసం మీ కొత్త సింగిల్‌తో. మొదటిసారి వినేటప్పుడు ఏమీ రాయొద్దు, మనసు పక్కకి పోయిన క్షణం మాత్రం గుర్తుంచుకోండి. రెండోసారి గొంతు ఎప్పుడు వచ్చింది, కోరస్ ఎప్పుడు వచ్చింది, సోలో ఉందా, ఉంటే ఎన్ని సెకన్లు అన్నది రాయండి. ఇక్కడ ఒక జాగ్రత్త. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే లెక్కలోకి వస్తుంది కాబట్టి, గొంతు త్వరగా వచ్చిన ప్రతి పాటనీ "స్ట్రీమింగ్ కోసం చేశారు" అనేస్తుంటారు. 60ల సింగిల్స్‌లోనూ బోలెడన్ని మొదటి పది సెకన్లలోనే పాడటం మొదలుపెట్టేవి. త్వరగా రావడం ఒక్కటే సాక్ష్యం కాదు. మూడోసారి విని ఒకే వాక్యం రాయండి: "ఈ పాట వచ్చింది ఫలానా చెప్పడానికి." పాత అభిమానిని పలకరిస్తోందా, కొత్తవాళ్లని పిలుస్తోందా, ఆల్బమ్ తేదీ చెప్పి పక్కకి తప్పుకుంటోందా? ఒక్క వాక్యంలో రాకపోతే నాలుగోసారి వినండి.

కాగితం పారెయ్యకండి. ఆల్బమ్ వచ్చాక ఆ పాటకి ముందున్న పాట నుంచి మొదలుపెట్టి, తర్వాతి పాట దాకా ఆపకుండా విని, మీ వాక్యం కింద రెండో వాక్యం రాయండి. ఆ రెండు వాక్యాలతోనే 7వ పాఠం మొదలవుతుంది: ఆల్బమ్‌లో పాటల వరుస.